దిగి చూస్తే చిన్నతనమా?

దూరప్రయాణాల లారీ 28 ఏళ్లు నడిపి, 9 ఏళ్లుగా కొత్తవాళ్లకు నేర్పుతున్న మాస్టారు పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు.

ప్రశ్న: మాస్టారూ, నా వయసు 26. నాలుగేళ్లుగా కారు నడుపుతున్నాను. దూరప్రయాణాల లారీ డ్రైవర్ కావాలని మూడు వారాల క్రితం శిక్షణలో చేరాను. ముందుకు నడపడం వరకూ ఇబ్బంది లేదు. ట్రైలర్ రివర్స్ చెయ్యమంటే మాత్రం చేతులు చల్లబడిపోతున్నాయి. స్టీరింగ్ ఇటు తిప్పితే ట్రైలర్ అటు పోతోంది. మొన్న మధ్యలో ఆపి, ఒకసారి దిగి చూసొస్తానన్నాను. వెనక నిలబడ్డ తోటివాళ్లు నవ్వారు. వాళ్లలో ఒకరు మొదటి వారంలోనే ఒక్క ఊపులో పెట్టేశారు. మా బ్యాచ్‌లో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఇంట్లోవాళ్లేమో రాత్రి ప్రయాణాల గురించి బెంగపడుతున్నారు. కొనసాగమంటారా, మానుకోమంటారా?
– శిక్షణలో ఉన్న ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మానుకోవద్దు. దిగి చూస్తానన్నావు చూడు, ఆ రోజు ఆ మైదానంలో డ్రైవర్ చెయ్యాల్సిన పని చేసింది నువ్వొక్కదానివే.

నేను నేర్చుకునే రోజుల్లో నాకు ఆ ధైర్యం లేకపోయింది. అప్పటికి ఐదో వారం. కంటైనర్ బండిని ఒక గోదాము గోడ దగ్గరికి వెనక్కి పెట్టాలి. నలుగురు నిలబడి చూస్తున్నారు. అద్దాల్లో రెండు పక్కలా జాగా బాగానే కనిపిస్తోంది. దిగితే చేతకాదనుకుంటారని దిగలేదు. గోడ ఇంకా ఆరడుగుల దూరంలో ఉండగానే పైనుంచి రేకు చిరిగిన చప్పుడు వచ్చింది. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప దూలం కంటైనర్ పై మూలలోకి జానెడు దిగబడింది. అద్దం పక్కల్ని చూపిస్తుంది, నెత్తి మీద ఏముందో చూపించదు. మా గురువుగారు కేకలెయ్యలేదు. నిచ్చెన తెప్పించి నన్నే పైకి ఎక్కించారు. చిరిగిన రేకు అంచు లోపలికి మడిచిపెట్టుకుపోయి ఉంది, వేలు పెడితే కోసుకునేలా. కిందికి దిగాక ఒక్క మాటే అన్నారు: “దూలం కాబట్టి చప్పుడైంది. మనిషయితే నీకు చప్పుడు కూడా వినపడేది కాదు.” ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత నెల రోజులు, ప్రతి రివర్స్‌కీ ముందు దిగి బండి చుట్టూ తిరిగి రావాల్సిందేనని ఆయన నియమం పెట్టారు. నెల అయిపోయింది కానీ నేను ఆ అలవాటు మానలేదు. పైన తీగలు, కొమ్మలు, దూలాలు చూడు. కింద గుంట ఉందా, నేల మెత్తగా ఉందా చూడు. అన్నిటికంటే ముందు మనుషుల్ని చూడు. బండికి నేరుగా వెనక, పక్క సీటు తలుపు కింద, ముందు బంపర్‌కి ఆనుకుని ఉన్న చోటు, ఈ మూడూ డ్రైవర్ సీట్లోంచి సరిగా కనపడవు. బంపర్ ముందు చిన్నపిల్ల నిలబడితే తల కూడా కనపడదు. దిగి చూసొచ్చాక ఐదు నిమిషాలు ఆగి కదిలితే ఆ చూసినదానికి విలువ లేదు, వెంటనే ఎక్కి కదలాలి. ఎవరైనా వెనక నిలబడి సైగ చేస్తుంటే వాళ్లు అద్దంలో కనిపించినంత సేపే బండి కదలాలి. కనపడకపోతే ఆపెయ్.

ఇక స్టీరింగ్ సంగతి. చెయ్యి చక్రం అడుగుభాగాన పెట్టు. ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యిని అటే జరుపు. ‘ఇటు తిప్పితే అటు’ అనే చిక్కు అక్కడితో సగం విడిపోతుంది. జరపడం కూడా బెత్తెడు చాలు. ట్రైలర్ చెప్పగానే వినే రకం కాదు, కాసేపాగి కదులుతుంది. కొత్తవాళ్ల చెయ్యి ఆ కాసేపు ఆగలేదు, ఇంకొంచెం తిప్పేస్తుంది. రెండు తిప్పుళ్లూ కలిసి ఒకేసారి అందుకునేసరికి ట్రైలర్ ముందు బండి వైపుకి ముడుచుకుని బండి మడతపడుతుంది. కాబట్టి తిప్పు, ఆగు, అద్దం చూడు. ఎడమ అద్దంలో ట్రైలర్ పక్కగోడ వెడల్పవుతోందంటే తోక ఎడమకు జరుగుతోందన్నమాట. తిన్నగా తేవాలంటే ఇప్పుడు చక్రం పైభాగాన్ని ఎడమకే తిప్పాలి. కుడి అద్దమైతే కుడికి. కుదరలేదా, ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టు. పరీక్షలో దానికి లెక్క ఉండొచ్చు, పనిలో ఎవరూ లెక్కపెట్టరు. వీలున్న చోటల్లా డ్రైవర్ సీటు ఉన్న వైపుకే వెనక్కి తిరిగేలా బండిని తెచ్చుకో, తల బయటపెట్టి చూసుకోవచ్చు.

ఒక్క ఊపులో పెట్టేసిన ఆ మనిషి గురించి దిగులు పడకు. పొడుగాటి ట్రైలర్ నిదానంగా తిరుగుతుంది, పొట్టిది చటుక్కున మడుచుకుంటుంది. ఒక బండితో వచ్చిన నైపుణ్యం ఇంకో బండితో పనికొస్తుందో లేదో పది బండ్లు మారాక తెలుస్తుంది.

నీ ఉత్తరంలో నాకు బెంగ కలిగించింది ఇంకొకటి ఉంది. ముందుకు నడపడం వరకూ ఇబ్బంది లేదన్నావు. ఖాళీ బండితో, సమానమైన నేల మీద మూడు వారాలు నడిపి ఆ మాట అనుకుంటున్నావేమో. లోడుతో దిగుడు దిగావా? ఐదు ఇరుసుల బండికి యూరప్‌లో మామూలుగా 40 టన్నుల దాకా అనుమతి. అంత బరువు లోయలోకి దిగుతుంటే, కాలి బ్రేకు ఒక్కటే వాడితే దాన్ని పట్టి ఉంచేది బ్రేకుల రాపిడి. ఆ రాపిడి అంతా వేడిగా మారుతుంది. చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి, దాన్ని లోపలినుంచి ఒరుసుకుని ఆపే లైనర్లకు దూరమవుతుంది, లైనర్ పట్టు సడలుతుంది. పెడల్ కిందికి పోతూనే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ఒకసారి ఒక పెద్ద దిగుడు చివర బండి ఆపి దిగినప్పుడు నా చక్రాల దగ్గర కాలిన గోనెసంచి లాంటి వాసన వచ్చింది. ఆ వాసన వచ్చిందంటే, అప్పటికే సగం పట్టు పోయిందన్నమాట.

అందుకని దిగుడు మొదలయ్యేలోపే గేరు తగ్గించాలి. సగం దిగాక తగ్గిద్దామంటే గేరు పడక బండి న్యూట్రల్‌లో పరుగెత్తే ప్రమాదం ఉంది. ఇంజన్, దాని పొగ దారిని మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకే బండిని పట్టి ఉంచాలి. కాలి బ్రేకు తోడు మాత్రమే. దిగుడుకు తగిన వేగం 60 అనుకున్నావనుకో. ముల్లు 60కి చేరగానే గట్టిగానే నొక్కి 50 దగ్గరికి తెచ్చి, పూర్తిగా వదిలెయ్. మళ్లీ 60కి వచ్చినప్పుడు మళ్లీ అలాగే. కాలు ఆనించి లాక్కుంటూ పోయావంటే బ్రేకులకు చల్లారే అవకాశమే ఉండదు. ఒక్క మినహాయింపు: రోడ్డు తడిగా, జారుడుగా ఉంటే ఎగ్జాస్ట్ బ్రేకును, రిటార్డర్‌ను (రాపిడి లేకుండా వేగం తగ్గించే ఇంకో సాధనం) ఆపెయ్. ఇంజన్ తిప్పే చక్రాల్నే అవి పట్టుకుంటాయి కాబట్టి జారి బండి మడతపడొచ్చు.

రేపు మీ గురువుని అడిగి ఒక పని చెయ్యి. బండి సమానమైన నేల మీద ఉండాలి, చక్రాల కింద దిమ్మలు పెట్టి ఉండాలి. లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి కదా, ట్యాంకుల్లో ఆ గాలి నిండాక ఇంజన్ ఆపి, కీ ఆన్‌లోనే ఉంచి, పార్కింగ్ బ్రేకు వదిలి, పెడల్ నొక్కుతూ వదులుతూ ఎయిర్ మీటర్ ముల్లునే చూస్తూ కూర్చో. ముల్లు మెట్లు దిగినట్టు పడుతుంది. సుమారు 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర బజర్ మోగుతుంది. ఇంకా దిగితే పార్కింగ్ బ్రేకు నాబ్ దానంతటదే టక్కున బయటికొస్తుంది, చక్రాలు బిగుసుకుంటాయి. చాలామంది గాలే బ్రేకు వేస్తుందనుకుంటారు. కాలి బ్రేకుకు అది నిజమే. పార్కింగ్ బ్రేకులో మాత్రం బిగించేది బలమైన స్ప్రింగు, దాన్ని విడిపించి ఉంచేదే గాలి. అందుకే గాలి పోతే బండి ఆగిపోతుంది. గాలి పోతే బ్రేకు పడాలన్న ఈ ఆలోచన రైళ్ల నుంచి వచ్చింది. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో ఎయిర్ బ్రేకుకు పేటెంట్ తీసుకున్నాడు, గొట్టం తెగినా దానంతటదే బ్రేకు పడే పద్ధతిని 1872లో తెచ్చాడు. ఆ బజర్ మోత ఒకసారి చెవిన పడితే రోడ్డు మీద విన్నప్పుడు ఏం చెయ్యాలో ఆలోచించక్కర్లేదు. గాలి మొత్తం పోయేలోపే, బండి నీ మాట వింటుండగానే పక్కకు తీసి ఆపుతావు.

ఇంట్లోవాళ్ల బెంగ సబబైనదే. వాళ్లకు ధైర్యం చెప్పేందుకు రాత్రి నాకేం కాదని అనకు, అది నిజం కాదు. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య ఒళ్లు నిద్రను కోరుతుంది, అనుభవం దాన్ని ఆపలేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లు రెప్ప వాలితే బండి దాదాపు 90 మీటర్లు డ్రైవర్ లేకుండా పోయినట్టే. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చిన సంగతి చెప్పు: 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుకు సమానంగా పడిపోయింది. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలని, అమెరికాలో పది గంటల విశ్రాంతి తర్వాత 11 గంటలకు మించి నడపకూడదని చట్టం పెట్టింది ఊరికే కాదు. పాటలు పెట్టుకోవడం, కిటికీ దించుకోవడం నిద్రను ఆపవు. సురక్షితమైన చోట ఆపి 20 నిమిషాల కునుకు తీసి, లేచాక ఇంకో పది నిమిషాలు కూర్చుని, అప్పుడు కదులు. ఉద్యోగంలో చేరేముందే అడుగు: నిద్రొస్తే బండి ఆపుకునే స్వేచ్ఛ నాకుందా అని. నీళ్లు నమిలారంటే అక్కడ చేరకు. ఆడపిల్లవి కాబట్టి చెబుతున్నది కాదిది, నా దగ్గర నేర్చుకున్న ప్రతివాళ్లకూ ఇదే చెప్పాను. రాత్రి ఎక్కడ ఆగాలో పగలే నిర్ణయించుకో, వెలుతురు, మనుషులు ఉన్న చోటే ఆపు, ఆ చోటు పేరు ఇంటికి చెప్పి పడుకో.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఇప్పుడు లారీ నేర్చుకోవడం ఆలస్యమా? అప్పుడప్పుడు నడుం నొప్పి ఉంది.
– ఓ పాఠకుడు

జవాబు: ఆలస్యం కాదండీ. కళ్లు, చెవులు పరీక్ష చేయించుకోండి. గట్టిగా గురక పెడతారా, పగలు కూర్చున్నచోటే తూగుతారా? అయితే నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉందేమో డాక్టర్‌ని తప్పక అడగండి. దానికి చికిత్స ఉంది, చికిత్స లేకుండా నడపడం మాత్రం ప్రమాదం. నడుముకు ఎక్కువ చేటు చేసేది క్యాబిన్ నుంచి దూకడం. బండి వైపు మొహం పెట్టి, రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చెయ్యీ ఎప్పుడూ ఆనుకుని ఉండేలా దిగండి. క్లచ్ పూర్తిగా నొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు జరుపుకోండి.

ప్రశ్న: ఇప్పుడన్నీ ఆటోమేటిక్ బండ్లే కదా, మాన్యువల్ గేర్లు నేర్చుకోవడం దండగా?
– శిక్షణకు సిద్ధమవుతున్న ఓ యువకుడు

జవాబు: దండగ కాదు తమ్ముడూ. కొన్ని దేశాల్లో ఆటోమేటిక్ మీద పరీక్ష పాసైతే లైసెన్సు ఆటోమేటిక్‌కే పరిమితమవుతుంది. నువ్వు పని చెయ్యదలచుకున్న చోట నియమం కనుక్కో. ఆటోమేటిక్ నడిపినా, దిగుడు ముందు గేరును చేత్తో తగ్గించి అక్కడే నిలిపే పద్ధతి మొదటి రోజే అడిగి నేర్చుకో. చాలా బండ్లకు ముందున్న దిగుడు తెలియదు. అది కనిపించేది నీకే.