ఉప్పుగాలికి నిలిచే చిన్న ఇల్లు: ఏం తీసేయాలి, ఏం ఉంచాలి

ప్రశ్న: నేనూ మా ఆయనా టీచర్లుగా పనిచేసి రిటైరయ్యాం. భీమిలి దగ్గర సముద్రానికి అర కిలోమీటరు లోపే మాకు 200 గజాల స్థలం ఉంది. రెండు గదులు, వంటిల్లు, ముందు కాస్త వసారా, అంతకుమించి ఏమీ వద్దనుకుంటున్నాం. మా అబ్బాయి ఆస్ట్రేలియా నుంచి ఫోటోలు పంపుతున్నాడు. తెల్లటి గోడలు, చదునైన శ్లాబు, పెద్ద పెద్ద గాజు తలుపులు, సన్‌షేడ్ కూడా లేకుండా ఎంతో శుభ్రంగా కనిపించే ఇళ్లు. మాకూ నచ్చాయి. కానీ ఇప్పుడుంటున్న ఫ్లాట్‌లో బాల్కనీ గ్రిల్స్‌కి మూడేళ్లకోసారి తుప్పు గీకించి రంగు వేయిస్తున్నాం, ఈ వయసులో మళ్లీ ఆ టెన్షన్ పడలేం. రిపేర్లు పెద్దగా లేకుండా ఉండే ఇల్లు సముద్రం పక్కన సాధ్యమేనా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సాధ్యమేనమ్మా. అసలు మీరు కోరుకుంటున్న చిన్న ఇల్లే అక్కడికి సరైన ఇల్లు. సముద్రపు గాలి తినేది ఇనుమునీ, అతుకులనూ, నీళ్లు నిలిచే మూలలనూ. అవి ఎంత తక్కువుంటే మీకు అంత నిశ్చింత. అయితే మీ అబ్బాయి పంపిన ఫోటోల్లో తీసేసినవి వేరు, మన తీరంలో తీసేయాల్సినవి వేరు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా గురించే.

ముందు ఒక కాగితం పని. తీరం వెంట పోటు గీత నుంచి 500 మీటర్ల వరకూ సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నిబంధనలు వర్తిస్తాయి. మీ స్థలం ఆ అంచులోనే ఉంది కాబట్టి ప్లాను గీయించే ముందే సర్వే నంబరు సీఆర్‌జెడ్ మ్యాపులో ఎక్కడ పడుతుందో చూపించుకోండి. అమ్మినవాళ్ల మాట మీద ఆధారపడొద్దు.

ఇక తీసేయాల్సినవి. కిటికీలకు ఇనుప గ్రిల్స్, మేడ మీద రెయిలింగ్, ముందు గోడకు అంటించే ఎలివేషన్ టైల్స్, అల్యూమినియం షీట్ల తొడుగులు, ఫాల్స్ సీలింగ్, గోడల బయట వేలాడే పైపులు. ఇవేవీ లేకపోయినా ఇల్లు ఇల్లే. రెయిలింగ్ బదులు ఇటుక పిట్టగోడ కట్టించి, దాని పైభాగాన్ని లోపలి వైపుకి వాటంగా పెట్టించండి. గ్రిల్ తప్పదంటే టేకు చట్రంలోనే చెక్క కడ్డీలు పెట్టించవచ్చు. బందులు, గడియలు ఇత్తడివి తీసుకోండి, స్క్రూలు కూడా ఇత్తడివే. చాలాచోట్ల బందు బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకున్న మామూలు స్క్రూ తుప్పు పట్టి తలుపు ఊడిపోతుంది.

తీసేయకూడనివాటిలో మొదటిది సన్‌షేడ్. ఫోటోల్లో అందంగా కనిపించేది అది లేకపోవడమే, కానీ మన దగ్గర తుపానుకి వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతుంది. సన్‌షేడ్ లేని తెల్లగోడ మీద రెండు వానాకాలాలకే కిటికీ మూలల నుంచి నల్లటి చారికలు దిగుతాయి, లోపల చెమ్మ వస్తుంది. రెండడుగుల సన్‌షేడ్ పెట్టించి, దాని అంచు కింద నీళ్లు వెనక్కి పాకకుండా ఒక గాడి తీయించండి. మేస్త్రికి అది పది నిమిషాల పని, అయినా అడగకపోతే తీయరు. పిట్టగోడకీ, కిటికీ కింద గట్టుకీ కూడా అదే గాడి కావాలి.

మన ఉత్తరాంధ్ర జాలరి పల్లెల్లో కట్టుకున్న చుట్టిళ్లు చూసే ఉంటారు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద దాదాపు నేల దాకా దిగిన తాటాకు కప్పు. గాలికి ఎదురు నిలిచే చదును గోడ లేదు, చూరు నీళ్లు గోడకు దూరంగా పడతాయి, తుప్పు పట్టడానికి ఇనుమే లేదు. తక్కువ సామానుతో ఇల్లు కట్టడం మనవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. వాళ్లు అన్నీ తగ్గించుకున్నారు గానీ చూరును మాత్రం తగ్గించుకోలేదు. పెద్ద తుపానుకి ఆ కప్పు ఎగిరిపోతుంది, అందుకని మీరు మళ్లీ తాటాకు వేయమని కాదు. శ్లాబే వేయండి, దాని బరువే గాలికి అడ్డు. చూరు సంగతి మాత్రం వాళ్లను చూసి నేర్చుకోవాలి.

కాంక్రీటు దగ్గర కాస్త ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే ఒకసారి పోశాక సరిదిద్దుకోలేనిది అదే. మంచి కాంక్రీటులోని క్షారం వల్ల లోపలి ఇనుము మీద సన్నని రక్షణ పొర ఏర్పడుతుంది. గాలిలోని ఉప్పు తేమతో పాటు కాంక్రీటులోకి ఇంకుతూ ఇనుము దాకా చేరితే ఆ పొర చిట్లుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. కాబట్టి ఉప్పు ఇనుము దాకా చేరే దారిని పొడవు చేయాలి, ఆ దారిని బిగించాలి. దారి పొడవు అంటే కవర్, ఇనుము మీద ఉండే కాంక్రీటు మందం. కాంక్రీటు పనులకు మన దేశపు కోడ్ ఐఎస్ 456 ప్రకారం తీరగాలికి నేరుగా గురయ్యే కాంక్రీటు కనీసం ఎం30 (ఈ అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ) ఉండాలి, ఇనుముకి కవర్ 45 మిల్లీమీటర్లు. అలల తుంపర తగిలేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. చాలామంది మేస్త్రీలు అలవాటుగా వేసేది ఎం20, శ్లాబుకి కవర్ 20. కవర్ పెరిగితే శ్లాబు మందమూ, ఇనుము లెక్కా మారతాయి కాబట్టి ఇది డ్రాయింగులోనే రావాలి, సైటులో మేస్త్రితో మాట్లాడుకునే సంగతి కాదు. కవర్ బ్లాకులు కూడా అదే స్థాయి కాంక్రీటుతో చేసినవి వాడాలి, కంకర ముక్కలూ టైలు ముక్కలూ పెట్టనివ్వకండి. బైండింగ్ వైరు కొసలు లోపలికి వంచారో లేదో శ్లాబు పోసే ముందు రోజు మీరే తిరిగి చూసుకోండి. బయటికి పొడుచుకొచ్చిన ఒక్క తీగ కొస చాలు తుప్పు మొదలవడానికి.

దారిని బిగించడం అంటే నీళ్లు తగ్గించడం. 50 కిలోల సిమెంటు బస్తాకు 22 లీటర్లు దాటకూడదు, తడి ఇసుకలో ఉన్న నీళ్లతో కలిపి. అంత గట్టి కాంక్రీటు పోయడం కష్టమని పనివాళ్లు బకెట్లతో నీళ్లు కలుపుతారు, అక్కడే ఇల్లు బలహీనపడుతుంది. జారుడు కోసం నీళ్లు కాకుండా ప్లాస్టిసైజర్ అనే మందు వాడమనండి. సిమెంటు స్లాగ్ రకం (ఇనుము కరిగించగా మిగిలే చిట్టెం కలిపినది) తీసుకోండి, ఉప్పును బాగా అడ్డుకుంటుంది. స్లాగ్ సిమెంటుకి క్యూరింగ్, అంటే తడిపి ఉంచడం, ఎక్కువ రోజులు కావాలి, కనీసం పది రోజులు, వీలైతే పద్నాలుగు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కలపడానికీ వాడొద్దు, క్యూరింగ్‌కీ వాడొద్దు. ఇనుము ఉన్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కోడ్ చెబుతుంది. ల్యాబులో పరీక్ష చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు, ట్యాంకరు నీళ్లకు మాత్రం అవుతుంది, ఆ ఖర్చు పెట్టండి.

ఇక గాజు తలుపులు. ఇంటి డిజైన్‌కి విశాఖలో తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు కిటికీ మీద 280 కిలోలన్నమాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీరు విశాఖలోనే ఉండి ఉంటే ఊళ్లో అద్దాలు ఏమయ్యాయో నేను చెప్పక్కర్లేదు. అద్దం పగలగానే గాలి లోపలికి దూరి కప్పును కిందనుంచి ఎత్తుతుంది. తుపాను కన్ను మీ మీదుగా దాటితే కాసేపు నిశ్శబ్దం, తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది, అందుకే సముద్రం వైపు గోడ ఒక్కటే గట్టిగా ఉంటే సరిపోదు. ఒక గోడ నిండా ఒకే గాజు బదులు మామూలు కిటికీలు ఎదురెదురు గోడల్లో పెట్టండి, గాలీ బాగా ఆడుతుంది. బయటి వైపు చెక్క రెక్కలు పెట్టించండి. తుపాను హెచ్చరిక రాగానే మూసి గడియ వేసుకోవచ్చు, మే నెల ఎండకూ అవే పనికొస్తాయి. సముద్రం కనబడాలని మీకుంటుంది, నాకు తెలుసు. దానికి వసారా ఉంది కదా, పొద్దున్నే అక్కడ కూర్చుని కాఫీ తాగండి.

నేలకు ఎర్ర గచ్చు లేదా కడప రాయి చాలు. గోడలకు సున్నం మంచిది, చెమ్మ బయటికి పోతుంది.

ప్రశ్న: కాకినాడ దగ్గర మా ఇల్లు కట్టి పద్దెనిమిదేళ్లయింది. వసారా శ్లాబు కింద పెచ్చులూడి ఇనుము బయటపడింది. మేస్త్రి గీకి ప్లాస్టరింగ్ చేసి వెళ్లాడు, రెండేళ్లకే మళ్లీ ఊడింది. వాన తగిలే మేడ మీద ఏమీ కాలేదు, నీడలో ఉన్న కింది వైపే ఎందుకు పాడైంది?
– ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: మీరు గమనించింది చాలా ముఖ్యమైన విషయం. వాన తగిలేచోట ఉప్పు కడుక్కుపోతుంది. నీడలో, వాన చేరని చోట ఏళ్ల తరబడి పేరుకుంటుంది, పైగా గాలిలోని తేమను తనే లాక్కుంటుంది. సన్‌షేడ్ల కింద, మెట్ల కింద ముందు పాడయ్యేది అందుకే.

తుప్పు మీద ప్లాస్టరింగ్ చేస్తే ఆగదు. ముందు కింద దూలాలు ఆనించి, మెత్తబడిన కాంక్రీటుని ఇనుము చుట్టూ, దాని వెనక కూడా వేలు దూరేంత తీయించాలి. తుప్పు లేని ఇనుము కనిపించేదాకా రెండు వైపులా ముందుకు వెళ్లాలి. తీగ బ్రష్‌తో తుప్పంతా పోగొట్టి మంచినీళ్లతో కడిగి, ఆరాక జింక్ ప్రైమర్ పూసి, పాలిమర్ మోర్టారుతో నింపాలి. ఇనుము బాగా సన్నబడి ఉంటే పక్కన కొత్త ఊచ కట్టాలి. ఎంత సన్నబడితే కట్టాలో స్ట్రక్చరల్ ఇంజనీరు కొలిచి చెప్పాలి, దయచేసి మేస్త్రి అంచనాకి వదలొద్దు. అతుకు వేసిన చోటికి పక్కనే కొత్తగా తుప్పు మొదలవడం కూడా ఉంది, అందుకే ఊడినంత మేరకే కాకుండా సుత్తితో తట్టి డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా తీయించండి. అప్పటిదాకా ఆ వసారాలో మంచాలు వేసుకోవడం, పిల్లల్ని ఆడనివ్వడం వద్దు.

ప్రశ్న: స్టీలు రెయిలింగ్‌కి తుప్పు పట్టదని చెప్పి అమ్మారు. ఏడాది తిరగకుండానే గోధుమరంగు మచ్చలొచ్చాయి. అయస్కాంతం అంటుకోవట్లేదు, అంటే మంచి స్టీలే కదా?
– ఓ పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: అయస్కాంతంతో తేలదమ్మా. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకమూ, 316 రకమూ రెండూ మామూలుగా అయస్కాంతానికి అంటుకోవు. సముద్రం దగ్గర కావాల్సింది 316, దానిలో మాలిబ్డినం రెండు నుంచి మూడు శాతం ఉంటుంది, ఉప్పును తట్టుకునేది దాని వల్లే. మీ బిల్లు మీద గ్రేడు రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే మాలిబ్డినం పరీక్ష చుక్కల మందు దొరుకుతుంది, వెల్డింగ్ షాపులవాళ్లను అడగండి.

304 అని తేలినా భయపడకండి, ఆ మచ్చలు చాలావరకు పైపైనే ఉంటాయి. మెత్తటి గుడ్డ, సబ్బునీళ్లతో స్టీలు మీది సన్న గీతల దిశలోనే తుడిచి మంచినీళ్లతో కడిగేయండి. ఇనుప పీచు తగిలించొద్దు, దాని నలుసులు అక్కడే తుప్పు పడతాయి. బాత్రూం కడిగే యాసిడ్ అసలే వద్దు. ఇలా నెలకోసారి కడగండి, సన్‌షేడ్ కింద వాన తగలని భాగాన్ని పదిహేను రోజులకోసారి.