గ్రూప్ డిస్కషన్లకు వెళ్తే నిజంగా డబ్బులిస్తారా? నెలకు ఎంత రావచ్చు?

మీరు అడిగినవి రెండు. హైదరాబాద్‌లో ఇంట్లో ఉండే ఆడవాళ్ళు కంపెనీల గ్రూప్ డిస్కషన్లకు వెళ్తే డబ్బులిస్తారన్న మాట నిజమేనా అని ఒకటి, నెలకు ఎంత రావచ్చని ఇంకొకటి. మొదటిది నిజమేనండీ, కంపెనీలు తమ వస్తువుల గురించి కొందర్ని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడిస్తాయి, అందుకు డబ్బులిస్తాయి. రెండోదానికి నా జవాబు మీకు నచ్చకపోవచ్చు, ఎందుకంటే ఇది నెలకింత అని లెక్కేసుకునే పని కాదు. 2017 నుంచి 2024 దాకా నేను వెళ్ళింది 11 సార్లు. చేతికొచ్చింది మొత్తం 9,300 రూపాయలు. పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇచ్చినవాటిలో అన్నిటికన్నా తక్కువ 200. ఒక ఫంక్షన్ హాల్లో రెండు రకాల బిస్కెట్లు తిని ఏది బాగుందో చెప్పినందుకు. ఎక్కువ 2,500. ఇద్దరు మనుషులు మా ఇంటికే వచ్చి రెండున్నర గంటలు ఫ్రిజ్ గురించి అడిగి, అరల్లో ఏమున్నాయో ఫొటోలు తీసుకున్నందుకు. ఫ్రిజ్ ఎలా ఉంటే అలాగే ఉంచమని ముందే చెప్పారు. అయినా మనసొప్పక ముందురోజు రాత్రి శుభ్రంగా కడిగేశాను!

అసలు పిలుపు ఎలా వస్తుందో చెప్తాను. పెద్ద కంపెనీ మనల్ని నేరుగా పిలవదు. సబ్బుల కంపెనీ, జనం ఏమనుకుంటున్నారో కనుక్కునిపెట్టే రీసెర్చ్ కంపెనీకి చెప్తుంది, వాళ్ళు ఊళ్ళో మనుషుల్ని వెతికిపెట్టేవాళ్ళకు చెప్తారు, వాళ్ళ కింద కాలనీల్లో తిరిగే ఆడవాళ్ళు ఉంటారు. మా కొత్తపేట వైపు అలా తిరిగే ఒకావిడ ఒకరోజు మధ్యాహ్నం గేటు కొట్టి, చేతిలో కాగితాలతో పావుగంట ప్రశ్నలడిగింది. ఇంట్లో ప్రధానంగా సంపాదించేది ఎవరు, ఆయన ఎంతదాకా చదివారు? ఫ్యాను, గ్యాస్ స్టవ్, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్, బండి, కారు, ఏసీ, వ్యవసాయ భూమి ఉన్నాయా? పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరనుకున్నాను. తర్వాత తెలిసింది, అది 2011లో వచ్చిన వర్గీకరణ అట. చదువునూ, 11 వస్తువుల జాబితాలో ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నదాన్నీ కలిపి కుటుంబాన్ని ఏ1 నుంచి ఈ3 దాకా ఏదో ఒక మెట్టు మీద పెడతారు. కాబట్టి లేని ఏసీ ఉందని చెప్తే లాభమేమీ లేదు. వాళ్ళకు కావలసింది బీ వర్గం ఇల్లయితే మీ గొప్పలే మిమ్మల్ని బయట కూర్చోబెడతాయి.

ఇంకా రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. ఇంట్లో ఎవరైనా యాడ్ ఏజెన్సీలోనో, టీవీ, పేపర్ల్లోనో, రీసెర్చ్ కంపెనీలోనో పనిచేస్తున్నారా? గత ఆరు నెలల్లో ఇలాంటి డిస్కషన్‌కు వెళ్ళారా? అవునంటే తీసుకోరు. ఈ రెండో ప్రశ్న వల్లే నెలనెలా ఆదాయం అనే ఆశ పెట్టుకోవద్దంటున్నాను. నిజం చెప్తే ఏడాదికి రెండుకు మించి కుదరవు.

మొదటిసారి వెళ్ళింది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌కి. ఎనిమిది మందిమి గుండ్రంగా కూర్చున్నాం. మూలన కెమెరా. వీడియో తీస్తున్నామని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. పక్క గదిలో కంపెనీ వాళ్ళు టీవీలో మమ్మల్ని చూస్తూ ఉంటారట, మన తెలుగును ఒకమ్మాయి అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి చెప్తూ ఉంటుందట. పాపం, మా అందరి మాటలూ ఒకేసారి ఎలా మార్చిందో! డిస్కషన్ నడిపే మేడమ్ సబ్బుల సంగతి కాసేపు మాట్లాడించి, ఉన్నట్టుండి “ఈ సబ్బు మనిషైతే ఎలా ఉంటుంది?” అంది. అందరం ముఖముఖాలు చూసుకున్నాం. ఒకావిడ మెల్లగా, “తెల్ల కాటన్ చీర కట్టుకున్న లెక్కల టీచరమ్మలా ఉంటుందండీ, మంచిదే కానీ దగ్గరకెళ్ళాలంటే భయం” అంది. మేడమ్ కళ్ళు మెరిశాయి. తర్వాత అరగంట ఆ టీచరమ్మ గురించే. చివర్లో టీ, సమోసా, కవర్లో 500.

అక్కడ “బాగుంది”, “బాగాలేదు” అని ఆపేస్తే ఒప్పుకోరు. ఎందుకు అని తవ్వుతారు. మా అమ్మాయి సోషియాలజీ చదివింది, దీని పుట్టుకే అదని చెప్పింది. 1941లో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు రేడియో కార్యక్రమం వినిపిస్తూ, నచ్చితే ఆకుపచ్చ బటన్, నచ్చకపోతే ఎర్ర బటన్ నొక్కమనేవారట. అది చూడ్డానికి వెళ్ళిన రాబర్ట్ మెర్టన్ అనే ప్రొఫెసర్, ఎందుకు నొక్కారో అడగడంలోనే అసలు పని ఉందని పట్టుకున్నాడట. మీరు వెళ్తే ఆ “ఎందుకు”కి మీ ఇంట్లో జరిగిన ముక్క ఒకటి చెప్పండి, చాలు.

ఇప్పుడు నా పరువు పోయిన సంగతి. 2019లో అదే కాలనీ ఆవిడ ఫోన్ చేసింది. బట్టలుతికే లిక్విడ్ వాడేవాళ్ళు, ఫ్రంట్ లోడ్ మెషీన్ ఉన్నవాళ్ళు కావాలంది. మాది టాప్ లోడ్, పౌడరే వాడతాం అన్నాను. “ఏం కాదక్కా, ఉందని చెప్పు. ఒకళ్ళు తగ్గారు, నా మాట పోతుంది” అంది. ఆరు నెలల్లో ఎక్కడికీ వెళ్ళలేదని కూడా చెప్పమంది. నాకు నాలుగు నెలలే అయింది. ఇస్తామన్నది 800. సరేనన్నాను.

అంతా బాగానే నడిచింది. అంతలో మేడమ్ నావైపు తిరిగి, లిక్విడ్ ఎక్కడ పోస్తారని అడిగింది. నేను ఇంట్లో రోజూ చేసే పనే కదా అని, “మూత తీసి పైనుంచి బట్టల మీద పోస్తానండీ” అన్నాను. ఫ్రంట్ లోడ్‌కి తలుపు ముందుంటుంది, లిక్విడ్ పొయ్యడానికి విడిగా సొరుగుంటుంది. పక్కనున్నావిడ కిసుక్కున నవ్వింది. మేడమ్ ఏమీ అనలేదు, తర్వాత మనిషికి వెళ్ళిపోయింది. ఆ మిగతా గంటలో నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చెమటలు పట్టి కూర్చున్నాను. బయటికొచ్చాక సూపర్‌వైజర్ పక్కకు పిలిచి, కవర్ ఇవ్వలేమని చెప్పింది. ఆటోకి పోనూ రానూ 160 నా చేతిదే. ఏడాది పైన ఎవరూ ఫోన్ చెయ్యలేదు. చెప్పమన్న ఆవిడకు మాత్రం ఏమీ కాలేదు, అదొకటి.

కాబట్టి ఎవరైనా మీకు జవాబులు నేర్పిస్తుంటే వద్దనేయండి. అబద్ధం చెప్తే రెండు గంటలు దాన్ని మొయ్యాలి. ఖాళీ ప్యాకెట్ తెమ్మంటారు, ఇంట్లో వస్తువు ఫొటో పంపమంటారు.

చెప్పిన టైమ్ కన్నా పది నిమిషాలు ముందే వెళ్ళండి. ఎవరైనా రాకపోతే ఇబ్బందని ఒకరిద్దర్ని ఎక్కువ పిలుస్తారు. ఒకసారి నేను అలా ఎక్కువై, టీ తాగి, కూర్చోకుండానే కవర్ తీసుకుని వచ్చేశాను. నా జీవితంలో అంత సులువుగా ఎప్పుడూ సంపాదించలేదు.

మోసాల మాట కూడా చెప్పాలి. మా ఆడపడుచు కొడుకు టెలిగ్రామ్‌లో వీడియోలకు లైకులు కొడితే డబ్బులన్నారని చేరాడు. మొదట 150, 300 వచ్చాయి. తర్వాత పెద్ద టాస్క్‌కి ముందు మీరు కట్టాలన్నారు. 18,000 పోయాక ఇంట్లో చెప్పాడు. మనకు డబ్బిచ్చే పనికి మనం రిజిస్ట్రేషన్ ఫీజు కట్టడం ఏమిటి? నిజమైన డిస్కషన్‌లో ఒక్క రూపాయి అడగరు, అక్కడ ఏదీ అమ్మరు, ఓటీపీతో వాళ్ళకు పని లేదు. ఈమధ్య కవర్ బదులు ఫోన్‌కే పంపుతున్నారు. డబ్బు రావడానికి మనం పిన్ కొట్టక్కర్లేదని గుర్తుపెట్టుకోండి. ఎప్పుడైనా డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. మా ఆడపడుచు కొడుకు మూడు రోజులు భయపడి దాచాడు.

మీకు వెళ్ళాలనుంటే, మీ కాలనీలో ఇదివరకు వెళ్ళినవాళ్ళెవరో కనుక్కుని, మనుషుల్ని పోగుచేసే ఆవిడకు మీ నంబర్ ఇప్పించండి. మొదటిసారి పక్కింటివాళ్ళెవరినైనా తోడు తీసుకెళ్ళండి, లేదా చిరునామా ఇంట్లో రాసిపెట్టి వెళ్ళండి. ఆ తర్వాత పిలుపు రావడం మన చేతిలో ఉండదు. నాకు మొన్ననే ఫోన్ వచ్చింది. చీర సర్దుకుని ఎక్కడికమ్మా అంటే, గడ్డానికి నూనె రాసుకునే పాతికేళ్ళ కుర్రాళ్ళు కావాలట.