గిటార్ నెక్ హీల్‌ని గ్రైండర్‌తో చెక్కొచ్చా? చెక్కొచ్చు బ్రో, కానీ చివరిదాకా కాదు

మీరు అడిగింది ఇదే కదా: అకౌస్టిక్ గిటార్‌కి మహాగనీ నెక్, వెనక నాలుగు ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి హీల్ (నెక్ బాడీకి కలిసే చోట మడమలా ఉండే లావు భాగం) కట్టారు, ఇప్పుడది ఇటుకలా ఉంది, చేతిలో 4 ఇంచుల గ్రైండరూ రెండు ఆకురాళ్ళూ ఉన్నాయి, గ్రైండర్‌తోనే గంటలో లాగించేయొచ్చా అని. నేను ఇప్పటికి మూడు నెక్‌లే చేశా, పెద్ద పనివాణ్ణేం కాదు, కానీ మొదటిది సరిగ్గా మీరనుకున్నట్టే గంటలో లాగించేశా, అదిప్పుడు మా అటక మీద ఉంది.

ముందు ఒకటి చెప్పండి, బాడీతో జాయింట్ కోసి కుదిర్చి చూసుకోవడం అయిపోయిందా? అవ్వకపోతే హీల్ జోలికే వెళ్ళొద్దు. చెక్క నలుపలకలుగా ఉన్నప్పుడే టెనాన్ (బాడీ గాడిలో దూరే నాలుక) కోసేసి, బాడీకి పెట్టి చూసి, నెక్ యాంగిల్ (బాడీకి నెక్ ఉండే వాలు), సెంటర్ లైన్ రెండూ కుదిరాయని ఖాయం చేసుకున్నాకే చెక్కుడు. గుండ్రంగా చేసేశాక క్లాంప్ పట్టదు, మూలమట్టం ఆనించడానికి చదునైన వైపే మిగలదు.

నా మొదటి నెక్ ఎలా పోయిందంటే, 60 నంబర్ ఫ్లాప్ డిస్క్ (పట్టీ పేపర్ రెక్కలున్న గ్రైండర్ చక్రం) వేసి వెన్న కోసినట్టు కోస్తున్నా, భలే ఉంది, ఇంక ఆ ఊపులో హీల్ అంచు దగ్గరికి వచ్చేసరికి డిస్క్ జారి బాడీకి ఆనే వైపు మీదకి ఎక్కింది, అర సెకను కూడా పట్టలేదు, 2 మిమీ నొక్కు. ఆ వైపులు బాడీకి అతుక్కుని కూర్చోవాలి, అక్కడ అంచు పోయిందంటే బిగించాక ఆ సందు జన్మంతా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఇప్పుడు ఆ అంచు చుట్టూ మాస్కింగ్ టేప్ రెండు వరసలు వేసి, టేప్‌కి 5 మిమీ దూరంలోనే గ్రైండర్ ఆపేస్తా. పైన కూడా ఆకారం కోసం గీసుకున్న పెన్సిల్ గీతకి 3 మిమీ బయటే ఆపేస్తా. మిగిలిందంతా చేత్తోనే.

రెండోది ఇంకా భయపెట్టింది. పని మధ్యలో కరెంటు పోయింది, మెషిన్ టేబుల్ మీద పెట్టేసి టీ తాగడానికి వెళ్ళా, స్విచ్ ఆన్‌లోనే లాక్ అయి ఉంది, చూసుకోలేదు. కరెంటు రాగానే అది దానంతటదే తిరగడం మొదలుపెట్టి టేబుల్ మీద గెంతి కింద పడింది, నిమిషానికి 11 వేల చుట్లు తిరిగే వస్తువు, పక్కన మా అబ్బాయి ఆడుకుంటూ ఉంటే ఏమయ్యేదో. కరెంటు పోతే ముందు ప్లగ్ పీకండి, తర్వాతే టీ. గార్డ్ తీయొద్దు, పక్క హ్యాండిల్ పెట్టుకోండి, చెయిన్ పళ్ళున్న డిస్క్‌లు ఆన్‌లైన్‌లో చీప్‌గా దొరుకుతాయి గానీ వాటి జోలికి మాత్రం వద్దు, చెక్కలో తగులుకుంటే మెషిన్ మన మీదకే ఎగురుతుంది. ఇంకోటి, చేతికి గుడి తాడు, కడియం ఉంటే తీసి పక్కన పెట్టండి, వదులు గుడ్డ గ్లోవ్స్ కూడా వద్దు, తిరిగేదానికి గుడ్డ చిక్కిందంటే దాంతోపాటు చెయ్యి కూడా వెళ్తుంది. సెంటిమెంట్ అంటారేమో, పని అయ్యాక మళ్ళీ కట్టుకోవచ్చు.

చెక్కని పట్టుకోవడం గురించి ఎవరూ చెప్పరు గానీ సగం దెబ్బలు అక్కడే తగులుతాయి. మన వడ్రంగులు కాలి వేళ్ళ మధ్య పట్టి ఉలితో టకటకా చెక్కేస్తారు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, వాళ్ళది ఏళ్ళ తరబడి తిరిగిన చెయ్యి, మనది కాదు. ఫ్రెట్‌బోర్డ్ (వాయించేటప్పుడు వేళ్ళతో నొక్కే పలక) వైపు కిందకి పెట్టి రెండు సి క్లాంప్‌లతో ఊగని టేబుల్‌కి బిగించండి. ఉలి పట్టినప్పుడు రెండు చేతులూ దాని పదును వెనకే ఉండాలి. పదును లేని ఉలి ఇంకా ప్రమాదం, బలం పెట్టి తోస్తాం, జారుతుంది.

ఇంక అసలు రుచి ఉండేది ఆకురాయి పనిలోనే. ఉలి గానీ ఆకురాయి గానీ హీల్ క్యాప్ (హీల్ కొసన అతికించే పలచటి పలక) వైపు నుంచి నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) వైపుకే నడపండి, వంపు అడుగుకి రాగానే ఆపండి. ఎదురు నడిపితే నిలువు చెక్క తగిలి పెచ్చు లేస్తుంది, నాది ఒకసారి గోరంత ముక్క ఎగిరిపోయింది, మళ్ళీ వెతికి అతికించా. ముందు ఏటవాలు ముఖాలు తీయండి, ఒకటి రెండు చేయండి, రెండు నాలుగు చేయండి, గుండ్రం దానంతటదే వస్తుంది.

మీది అతికించిన హీల్ కాబట్టి మీకో లాభం ఉంది. చెక్కుతుంటే జిగురు గీతలు వంపు మీద మ్యాప్‌లో కొండ గీతల్లా తేలతాయి. ఎడమ వైపు గీత ఎలా వంగిందో కుడి వైపుదీ అలాగే వంగాలి. తేడా ఉందంటే ఒక వైపు ఎక్కువ తినేశారన్నమాట. నేను ప్రతి పది నిమిషాలకీ ఆపి లైట్ పక్కనుంచి వేసి ఆ గీతలే చూస్తా, తర్వాత కళ్ళు మూసుకుని రెండు బొటనవేళ్ళతో రెండు వైపులా తడుముతా, కంటికి దొరకని గడ్డలు వేలికి దొరుకుతాయి. హీల్ లోపల బోల్ట్ ఇన్సర్ట్ (బోల్ట్ బిగించే మరలున్న లోహపు గొట్టం) ఉంటే దాని చుట్టూ కనీసం 5 మిమీ చెక్క మిగిలేలా ముందే గీత గీసుకోండి, సన్నగా బాగుంటుందని మోజు పడితే రంధ్రం బయటకొస్తుంది.

ధూళికి మామూలు కర్చీఫ్ చాలదు, ఎన్95 పెట్టుకోండి. క్యాప్ రోజ్‌వుడ్ అయితే మరీ జాగ్రత్త, నాకు ఆ పొడితో రెండు రోజులు మెడంతా దురద.

టైమ్ అంటారా, మూడో నెక్‌కి గ్రైండర్ పని ఇరవై నిమిషాలు, ఆకురాయి, పట్టీ పేపర్ కలిపి రెండు సాయంత్రాలు పట్టింది. మొదలుపెట్టే ముందు హీల్‌ని పక్కనుంచి ఒకటి, కింద నుంచి ఒకటి ఫోటో తీసి పెట్టండి, గీతలు ఎక్కడ పడాలో గీసి పంపిస్తా.