డాక్టర్ సలహా: పొడి వాడాక గడ్డ మెత్తబడింది.. ఇక కీమో ఆపేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 54 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ, చంకలో ఒక గ్రంథికి కూడా పాకిందని బయాప్సీలో తేలింది, స్టేజ్ 2 అన్నారు. ముందు 21 రోజులకొకటి చొప్పున ఆరు కీమోలు ఇచ్చి, గడ్డ తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారు. రెండు అయ్యాయి. రెండోదాని తర్వాత నాలుగు రోజులు మంచినీళ్లు తాగినా వాంతే, జుట్టంతా ఊడిపోయింది, అమ్మ బాగా డీలా పడిపోయింది. అది చూడలేక మా పిన్ని వాట్సాప్‌లో ఎవరో చెప్పిన మూలికల పొడి తెప్పించింది, దాదాపు మూడు వారాలుగా రెండు పూటలా వేస్తున్నాం. నిజంగానే పది రోజుల్లో ఆకలి పుట్టింది, ముఖం నిండుగా కళకళలాడుతోంది, గడ్డ కూడా చేతికి మెత్తగా, చిన్నగా తగుల్తోంది. పొడి ఇచ్చినాయన కీమో పూర్తిగా ఆపితేనే తన మందు పనిచేస్తుందన్నాడు. మూడో కీమో డేట్ దాటి వారమైంది, అమ్మ ఇక హాస్పిటల్‌కి రానంటోంది. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు)

జవాబు: ఆపొద్దండీ. ఇప్పటికే వారం లేటయింది కాబట్టి ఇవాళే మీ ఆంకాలజిస్టుకి, అంటే క్యాన్సర్ డాక్టర్‌కి ఫోన్ చేసి, రేపే అమ్మగారిని తీసుకెళ్లండి. ఎందుకు ఆపొద్దంటున్నానో కొంచెం వివరంగానే చెప్తా, ఎందుకంటే ఇది మీ అమ్మగారూ, పిన్నిగారూ కూడా చదవాలి, ముఖ్యంగా పిన్నిగారు.

ముందు గడ్డ సంగతి. ఆపరేషన్‌కి ముందు కీమో ఇచ్చేదే గడ్డ కరగడానికి. రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి ఒకటి రెండు సైకిల్స్ (అంటే ఒకటి రెండు విడతల కీమో) అయ్యేసరికే గడ్డ మెత్తబడటం, సైజు తగ్గడం మొదలవుతుంది, డ్రిప్ తీసేసిన రోజుతో మందు పని అయిపోదు, ఆ తర్వాత రోజుల్లో కణాలు చస్తూనే ఉంటాయి. మీ పిన్నిగారు పొడి తెచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. కాకి వాలింది, తాటిపండు రాలింది, మీరు కాకికి దండేసి మర్యాద చేస్తున్నారు. నిజానికి గడ్డ తగ్గిందంటే మీకు వచ్చింది చాలా మంచి వార్త, ఆ రెండు కీమోలు మీ అమ్మగారి క్యాన్సర్ మీద బాగా పనిచేస్తున్నాయని దానర్థం. అందరికీ ఇంత తొందరగా తెలియదు. అలాంటి మందుని సగం కూడా కాకుండా ఆపేస్తారా?

ఇంకో విషయం. చేతికి తగలకపోతే క్యాన్సర్ పోయినట్టు కాదు. గడ్డ అస్సలు చేతికి దొరక్కుండా పోయినవాళ్లలో కూడా ఆపరేషన్ చేసి ఆ ముక్కని మైక్రోస్కోప్ కింద పెడితే కణాలు కనిపించే కేసులు ఎన్నో ఉంటాయి. అందుకే కొంతమందికి కీమో మొదలుపెట్టే ముందే గడ్డ మధ్యలో బియ్యపు గింజకన్నా చిన్న మెటల్ క్లిప్ పెడతాం, తర్వాత గడ్డ మొత్తం కరిగిపోయినా సర్జన్‌కి ఎక్కడ కోయాలో తెలియాలి కదా. మీ అమ్మగారికి పెట్టారో లేదో రేపు అడగండి. చంకలో గ్రంథికి పాకింది అన్నారు కాబట్టి స్కాన్‌లో కనపడనంత చిన్నవి ఒంట్లో ఇంకెక్కడైనా ఉండొచ్చన్న లెక్కతోనే ఆ మిగతా నాలుగు సైకిల్స్ పెట్టారు.

ఇప్పుడు ఆకలి, ముఖంలో కళ. దీనికి మామూలు కారణం ఒకటుంది, అనుమానించాల్సిన కారణం ఇంకోటుంది. మామూలుది ఏంటంటే, కీమో ఇచ్చిన మొదటి వారం నరకం, రెండో వారంలో రక్తకణాలు పడిపోయి నీరసం, మూడో వారానికి దాదాపు అందరూ లేచి తిరుగుతారు, ఇష్టమైనవి అడిగి తింటారు. సరిగ్గా అప్పుడే మళ్లీ కీమో డేట్ వస్తుంది, అది వేరే బాధ. మీరు పొడి మొదలుపెట్టింది అమ్మగారు బాగా కుంగిపోయి ఉన్నప్పుడు, అక్కణ్ణుంచి ఎటూ తేరుకోవాల్సిందే, ఆ టైమ్‌లో ఏం పెట్టినా దానికే పేరొచ్చేది. పైగా మూడోది ఎగ్గొట్టారు కాబట్టి ఆ తేరుకోవడం అలాగే కొనసాగింది.

అనుమానించాల్సింది స్టెరాయిడ్. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో, మాత్రల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటివి చెప్పకుండా కలిపిన సంగతి ల్యాబ్ పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. స్టెరాయిడ్ పడితే కొద్ది రోజుల్లోనే ఆకలి, హుషారు, నొప్పులు తగ్గడం, ముఖం నిండుగా ఉబ్బినట్టు కనపడటం, అన్నీ వస్తాయి. రోగం మాత్రం ఎక్కడిదక్కడే. మీ డబ్బాలో అదే ఉందని నేననట్లేదు, చూడకుండా ఎలా అంటాను, కానీ "ముఖం నిండుగా" అని మీరు రాయగానే నాకు మొదట వచ్చిన ఆలోచన అదే. షుగర్, బీపీ పెరగడం ఒక ఎత్తు, కీమోలో ఉన్న మనిషికి ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం తెలియకుండా కప్పేయడం ఇంకో ఎత్తు. ఇలాంటి కొన్నిట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ కూడా దొరికాయి. ఇవి కాలేయాన్నో కిడ్నీలనో దెబ్బతీస్తే కీమో డోసు తగ్గించాల్సి వస్తుంది, లేదా వాయిదా వేయాల్సి వస్తుంది.

ఇక "కీమో ఆపితేనే నా మందు పనిచేస్తుంది" అన్న మాట. నాకు బాగా కోపమొచ్చేది ఇక్కడే. పొడి ఇస్తే ఇచ్చాడు, కీమో ఆపమనే హక్కు ఆయనకెవరిచ్చారు? ఈ షరతులో తెలివి చూడండి. రేపు జబ్బు ముదిరితే "మీరు ముందే కీమోతో ఒంట్లో శక్తినంతా పాడుచేసుకుని వచ్చారు, నేనేం చేయను" అంటాడు. తగ్గితే, ఇదివరకే చేసిన కీమో వల్ల తగ్గినా సరే, అది ఆయన ఖాతాలోనే పడుతుంది. ఓడిపోయే దారే లేకుండా పెట్టుకున్న షరతు అది. వీడియోల్లో "నాకు తగ్గింది" అని చెప్పేవాళ్లని కూడా అడిగి చూడండి, ఎక్కువమంది ముందో వెనకో ఆపరేషన్ చేయించుకుని ఉంటారు, కొందరికి బయాప్సీ కూడా జరిగి ఉండదు, అసలు క్యాన్సరో కాదో తెలియదు. తగ్గక చనిపోయినవాళ్లు వీడియో చేయలేరు కదా.

క్యాన్సర్‌ని కేవలం ప్రత్యామ్నాయ వైద్యంతో నెట్టుకొచ్చినవాళ్ల లెక్కలు అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు తీసి 2018లో ప్రచురించారు. వేరే చోట్లకి పాకని దశలో ఉండి మామూలు వైద్యం వద్దనుకున్న 281 మందిని, అదే వయసు, అదే స్టేజ్‌లో ఉండి మామూలు వైద్యం తీసుకున్న 560 మందితో పోల్చారు. మొత్తమ్మీద చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు, ఒక్క రొమ్ము క్యాన్సర్ తీసుకుంటే ఐదు రెట్లకి పైనే. ఆ రొమ్ము క్యాన్సర్‌లోనే ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మామూలు వైద్యం తీసుకున్నవాళ్లలో 86.6 శాతం, వద్దన్నవాళ్లలో 58.1 శాతం. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో మాత్రం పెద్ద తేడా కనపడలేదు, అది చాలామందిలో నెమ్మదిగా పెరిగే రకం కాబట్టి ఆ ఐదేళ్లలో ఎటు పోయినా తేడా బయటపడదు.

"మరి రెండూ వాడతాం" అంటారేమో. అదే బృందం అదే ఏడాది అదీ చూసింది. ఎంతో కొంత మామూలు వైద్యం తీసుకుంటూ పక్కన ఇవి కూడా వాడినవాళ్లలో మరణాల ప్రమాదం రెట్టింపు ఉంది. పక్కన మొదలైనవాళ్లు మెల్లగా ఒక్కోటీ వద్దనడం మొదలుపెడతారు, ఒకరు ఆపరేషన్, ఒకరు రేడియేషన్, ఒకరు హార్మోన్ మాత్రలు. మీ ఇంట్లో జరిగింది అక్షరాలా ఇదే, మూడో కీమో దగ్గర మొదలైంది. మందులకీ మందులకీ మధ్య గొడవలు వేరే ఉన్నాయి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికని చాలా దేశాల్లో మనసు బాగాలేనప్పుడు వాడతారు, అది ఇరినోటెకాన్ అనే కీమో మందు ఒంట్లో పనిచేసే మోతాదుని బాగా తగ్గించేస్తుంది. మూలిక అంటే ఏమీ చేయదని అనుకోవద్దు, చేస్తుంది కాబట్టే భయం.

నాకు మొక్కల మీద పగేం లేదండీ. విన్‌క్రిస్టిన్ బిళ్లగన్నేరు మొక్క నుంచి వచ్చింది, పాక్లిటాక్సెల్ యూ అనే చెట్టు బెరడు నుంచి దొరికింది, మీ అమ్మగారి ఆరు సైకిల్స్‌లో ఎక్కడో అక్కడ అదో దాని తమ్ముడు డోసిటాక్సెలో వచ్చే అవకాశం చాలా ఎక్కువ. అవి పరీక్షకి నిలబడ్డాయి. నిలబడనివీ ఉన్నాయి, ఎవరూ పరీక్షించకుండా తోసిపారేశారనే మాట అబద్ధం. ఆప్రికాట్ గింజల్లోని పదార్థంతో చేసిన లేట్రిల్‌ని "విటమిన్ బి17" అని అమ్మేవాళ్లు, అసలది విటమినే కాదు. దాన్ని 178 మందికి ఇచ్చి చూసి 1982లో ఫలితాలు వేశారు, క్యాన్సర్ తగ్గలేదు, ఆయుష్షు పెరగలేదు, కొందరి రక్తంలో సైనైడ్ ప్రమాదకరంగా పెరిగింది. పాంక్రియాస్ క్యాన్సర్‌కి ఎంజైములు, కాఫీ ఎనిమాలు, ప్రత్యేక ఆహారంతో చేసే ఒక పద్ధతిని కీమోతో పోల్చి 2010లో చెప్పారు, కీమో తీసుకున్నవాళ్లలో సగం మంది 14 నెలలు దాటితే, ఆ పద్ధతిలో సగం మంది 4.3 నెలలకే పోయారు. సొర చేప మృదులాస్థి కథ కూడా అంతే. ఆల్కలైన్ నీళ్లు తాగితే క్యాన్సర్ పోతుందనే ప్రచారం గురించి ఒక్క మాట, మీరేం తాగినా రక్తం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 7.35కీ 7.45కీ మధ్యనే ఉండేలా ఊపిరితిత్తులు, కిడ్నీలు చూసుకుంటాయి, నీళ్లతో మారేది మూత్రం పీహెచ్.

ఇంతా చెప్పాక అసలు విషయానికొస్తా. అమ్మగారు హాస్పిటల్‌కి రానంటోంది పొడి మీద నమ్మకంతోనా? నాకలా అనిపించట్లేదు. నాలుగు రోజులు నీళ్లు కూడా నిలవకుండా వాంతులయితే ఎవరైనా రానంటారు. అది భరించాల్సిన విషయం కానే కాదు, మీరు ఆ రోజుల్లోనే ఫోన్ చేసుండాల్సింది, లేదా హాస్పిటల్‌లో మా డాక్టర్లే ఫోన్ చేసి అడిగుండాల్సింది. వాంతులకి ఓండాన్‌సెట్రాన్ ఒక్కటే కాదు, అప్రెపిటెంట్ ఉంది, ఓలాంజపిన్ తక్కువ డోసులో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, వీటిని కలిపి ఇస్తే చాలామందికి తేడా తెలిసిపోతుంది. "పోయినసారి ఇలా అయింది, ఈసారి ఏం మారుస్తారు?" అని మూడో కీమోకి ముందే అడగండి. జుట్టు కీమో అయ్యాక మళ్లీ వస్తుంది. రోజూ కాసేపు నడవడం, ఓపికున్నంతవరకు యోగా చేయడం నీరసానికి మంచివే, నేనూ చెప్తుంటా, కాకపోతే అవి క్యాన్సర్‌కి మందులని చెప్పను.

అమ్మగారితో గొడవపడొద్దు, పిన్నిగారిని తిట్టొద్దు. ఆవిడ ప్రేమతోనే తెచ్చారు. అక్క కష్టం చూడలేక ఏదో ఒకటి చేయాలనిపించింది, ఆ ఆరాటాన్ని వాడుకున్నవాడిది తప్పు. వీలైతే రేపు పిన్నిగారిని కూడా వెంటబెట్టుకెళ్లండి, ఆవిడ అనుమానాలు ఆవిడే డాక్టర్‌ని అడిగితే ఇంట్లో సగం వాదన తగ్గుతుంది. వైద్యం వద్దనే హక్కు అమ్మగారికి ఉంది, కానీ వద్దంటున్నది నయమయ్యే అవకాశాన్ని అని ఆమెకి ఎవరో ఒకరు నెమ్మదిగా, సూటిగా చెప్పాలి. స్టేజ్ 2 అంటే చాలామంది పూర్తిగా బయటపడే దశ. ఇంకో ఆరు నెలలు పొడితో గడిపితే ఆ మాట అనలేకపోవచ్చు.

వెళ్లేటప్పుడు పొడి డబ్బా తీసుకెళ్లండి, పేరున్నా లేకపోయినా. డాక్టర్ తిడతారేమోనని దాచొద్దు, తిడితే ఒక నిమిషం తిడతారు, తెలియకపోతే మోతాదులే తప్పుతాయి. సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్, కిడ్నీ పరీక్షలతో పాటు షుగర్ కూడా చూస్తారు. మూడు వారాలుగా వాడుతున్నారు కాబట్టి ఒకవేళ అందులో స్టెరాయిడ్ ఉంటే ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయే ప్రమాదం ఉంది, అందుకే ఎలా ఆపాలో డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి. ఆపాక కళ్లు తిరిగినా, లేవలేనంత నీరసం వచ్చినా, వాంతులు మొదలైనా వెంటనే చెప్పండి. కీమో మళ్లీ మొదలయ్యాక ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లండి. పొడి ప్రభావం ఒంట్లో ఉన్నంతకాలం జ్వరం కనపడకపోవచ్చు కూడా, కాబట్టి చలి వణుకు వచ్చినా, మనిషి ఉన్నట్టుండి తేడాగా, మగతగా ఉన్నా థర్మామీటర్ కోసం ఆగొద్దు.