తెలుగు డీటీపీ పని చేసే నేను డెబియన్ దగ్గరే ఎందుకు ఆగాను

విండోస్‌కు బదులుగా వాడే లైనక్సులో ఒక్కో రకాన్ని డిస్ట్రో అంటారు. వాటిలో ఉబుంటు, మింట్, ఫెడోరా వరుసగా వేసి చూశాననీ, ప్రతిదాంట్లో ఏదో ఒక వెలితి కనిపిస్తోందనీ మీ ప్రశ్నలో రాశారు. చాలా డిస్ట్రోలు తిరిగినవాళ్లు చివరికి ఎక్కడ కుదురుకున్నారు, ఎందుకు అని అడిగారు. నేను డెబియన్ అనే డిస్ట్రోలో స్టేబుల్ (స్థిరమైన విడుదల) దగ్గర కుదురుకున్నాను. కారణం నా వృత్తిలోనే ఉంది. తెలుగు పుస్తకాలకు ప్రూఫులు దిద్ది, పేజీలు కట్టి, ప్రెస్సుకు పీడీఎఫ్ పంపడం నా పని. మీ పని వేరైతే మీ లెక్క కూడా వేరే అవుతుంది.

నా మొదలు కూడా ఉబుంటుతోనే. అడిగినవాళ్లకు అడిగినన్ని సీడీలు ఉచితంగా పోస్టులో పంపే రోజులవి. 2011లో ఆ సదుపాయం ఆగిపోయింది. లైనక్సు అనేది ఒకటుందని మాబోటి వాళ్లకు తెలిసిందే ఆ సీడీల పుణ్యాన. ఆ ఏడాదే ఉబుంటు 11.04 వెర్షన్‌లో తెర రూపం మార్చి యూనిటీ పెట్టారు. 2017లో 17.10 వచ్చేసరికి దాన్ని తీసేసి మళ్లీ గ్నోమ్ అనే తెర రూపాన్ని తెచ్చారు. 21.10 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ రూపంలో, అంటే ఉబుంటు కంపెనీ సొంత ప్యాకేజీ పద్ధతిలో వస్తోంది. వీటిలో ఏదీ ఘోరం కాదు, ఒక్కోదానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. నాకు మాత్రం చేతికి అలవాటైన పనిముట్టు ఆకారం ఇంకొకరి వ్యాపార ఆలోచనను బట్టి మారడం నచ్చదు. ఇది పూర్తిగా నా స్వభావం, ఉబుంటు లోపం కాదు.

మింట్ గురించి చెడుగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. విండోస్ నుంచి వచ్చేవాళ్లకు సినమన్ డెస్క్‌టాప్ కొత్తగా అనిపించదు. ఏదైనా చెడితే వెనక్కి వెళ్లడానికి టైమ్‌షిఫ్ట్ ఉంది. మా అన్నయ్య దుకాణంలో బిల్లులు కొట్టే కంప్యూటర్‌కు నేను వేసిపెట్టింది మింటే. ఆయన ఆ పేరు కూడా పట్టించుకోడు, పని జరిగిపోతుంది. మరి నేనెందుకు దాన్ని దాటి వెళ్లానంటే, కుతూహలమే తప్ప చెప్పుకోదగ్గ కారణం లేదు.

ఫెడోరాలో కొత్త వస్తువు చాలా డిస్ట్రోలకంటే ముందు చేతికొస్తుంది, అదీ దాదాపు సొంత మెరుగులు దిద్దకుండా. గ్నోమ్‌ను దాన్ని తయారుచేసినవాళ్లు ఎలా ఊహించారో అలాగే చూడాలంటే ఫెడోరాలోనే చూడాలి. కానీ ఆరు నెలలకొక విడుదల, ఒక్కో విడుదలకు మరమ్మతులు అందేది సుమారు 13 నెలలే. అంటే ఏడాదికి ఒక్కసారైనా మొత్తం వ్యవస్థను పైమెట్టుకు ఎక్కించక తప్పదు. పేటెంట్ల చిక్కు వల్ల వీడియోలు ఆడించడానికి కావలసిన కొన్ని కోడెక్‌లు అందులో ఉండవు, ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి భండారం నుంచి విడిగా తెచ్చుకోవాలి.

ఆర్చ్ అనే మరో డిస్ట్రో దగ్గర నేర్చుకున్నంత నేను మరెక్కడా నేర్చుకోలేదు. డిస్కును విభాగాలు చేయడం, మూల ప్యాకేజీలు (ప్రోగ్రాముల మూటలు) దింపడం, కంప్యూటర్ వెలగగానే వ్యవస్థను లేపే బూట్‌లోడర్ పెట్టడం అన్నీ చేత్తో చేసుకోవాలి. 2021 నుంచి ఇన్‌స్టాల్ చేసిపెట్టే స్క్రిప్టు కూడా వాళ్లే ఇస్తున్నారు గానీ, ఒక్కసారైనా చేత్తో చేయడం మంచిది. వాళ్ల సహాయ పుటలైన ఆర్చ్ వికీ అయితే డెబియన్ వాడేవాళ్లం కూడా రోజూ తెరిచేదే. చిక్కల్లా రోలింగ్ పద్ధతితో. విడుదల అంటూ ఉండదు, కొత్తది ఎప్పుడు సిద్ధమైతే అప్పుడు మీ కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది. ఏదో ఒకటి మాత్రం కొత్తది వేసుకుని మిగతావి పాతవే ఉంచుకుంటానంటే ఆ పద్ధతి ఒప్పుకోదు. వేస్తే అన్నీ వేయాలి.

దీనితో నాకొచ్చిన ఇబ్బంది ఏమిటో ఒక పేజీ చూపించి చెబుతాను. తెలుగులో అక్షరం కింద ఒత్తులుంటాయి. "రాష్ట్రం" అన్న మాటలో ష కింద టవత్తు, దానికితోడు రవత్తు. వాటికి ఎంత చోటివ్వాలో ఫాంటు లోపల రాసి ఉంటుంది. నేను పేజీలు కట్టే లిబ్రెఆఫీస్ ప్రోగ్రాము ఆ కొలతలను బట్టే వరుసకూ వరుసకూ మధ్య దూరం లెక్కిస్తుంది. ఫాంటు కొత్త వెర్షన్‌లో ఆ కొలత వెంట్రుకవాసి మారినా పేజీకి ముప్పై వరుసలు పట్టేచోట ఇరవై తొమ్మిదే పడతాయి. చివరి వరుస పక్క పేజీకి జారుతుంది. అధ్యాయం మొదలయ్యే పేజీ మారుతుంది, విషయసూచిక తప్పవుతుంది. దూరాన్ని స్థిరంగా బిగించవచ్చు కదా అంటారేమో. బిగిస్తే కింది ఒత్తులు తర్వాతి వరుస గుడులకు తగులుతాయి. మన పుస్తకాలు పదహారు పేజీల ఫారం లెక్కన అచ్చవుతాయి. 160 పేజీలంటే సరిగ్గా పది ఫారాలు. అది 161 అయిందంటే ఒక్క పేజీ కోసం పదకొండో ఫారం ఎక్కించాలి, లేదా రచయితను బతిమాలి నాలుగు వాక్యాలు తీయించాలి. రెండో ప్రూఫుకూ మూడో ప్రూఫుకూ మధ్య ఇలా జరిగితే, కొత్త వెర్షన్ ఎంత మెరుగైనదైనా నాకు దానితో పని లేదు.

డెబియన్ స్టేబుల్‌లో ఆ భయం లేదు. కొత్త ప్యాకేజీ ముందు అన్‌స్టేబుల్ అనే మొదటి మెట్టులోకి వస్తుంది. దానికి సిడ్ అని పేరు, ఒక యానిమేషన్ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే కుర్రాడి పేరది. అక్కడ కొద్దిరోజులుండి పెద్ద లోపాలు బయటపడకపోతే టెస్టింగ్‌లోకి వెళుతుంది. రెండేళ్లకోసారి టెస్టింగ్‌లోకి కొత్తవి రానీయకుండా ఆపి, నెలల తరబడి లోపాలు ఏరి, అప్పుడు స్టేబుల్‌గా విడుదల చేస్తారు. ఆ తర్వాత అందులోకి వచ్చేవి భద్రతా మరమ్మతులు, తీవ్రమైన లోపాల సవరణలు మాత్రమే. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో లిబ్రెఆఫీస్ 7.4 ఉంది. దాని జీవితకాలమంతా అదే 7.4. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు మారితేనే 25.2 వస్తుంది. ఎప్పుడు మారాలో నిర్ణయించేది నేను. చేతిలో ఉన్న పుస్తకం ప్రెస్సుకు వెళ్లాకే మారతాను. ఒక్కో విడుదలకు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మరమ్మతుల ఏర్పాటు) కలుపుకుని ఐదేళ్లు మరమ్మతులు అందుతాయి కాబట్టి తరుముకొచ్చే గడువూ లేదు.

డెబియన్ కష్టమని చెప్పేవాళ్ల మాట చాలావరకు పాతది. గతంలో దాని అధికారిక ఇన్‌స్టాలర్‌లో స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్, అంటే చిప్పులను పనిచేయించే చిన్న ప్రోగ్రాము, ఉండేది కాదు. ల్యాప్‌టాప్‌లో వైఫై చిప్ పలకకపోతే, ఫర్మ్‌వేర్ కలిపిన అనధికారిక ప్రతిని ఏ మూలో వెతికి పట్టుకోవాలి. ఇన్‌స్టాల్ చేయడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి ఫర్మ్‌వేర్ కావాలి! 2022లో డెబియన్ డెవలపర్లు ఓటు వేసి ఈ పద్ధతి మార్చారు. 12 నుంచి ఫర్మ్‌వేర్ అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. ఆ ఓటు సంగతే నాకు ఎక్కువ నచ్చింది. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుకు యజమాని అయిన కంపెనీ ఏదీ లేదు. పెద్ద నిర్ణయం తీసుకోవాలంటే వాదించుకుంటారు, ఓటు వేసుకుంటారు. ఆ వాదనలన్నీ బహిరంగంగానే సాగుతాయి, ఓపిక ఉంటే ఎవరైనా చదువుకోవచ్చు.

తెలుగు సంగతికి వస్తే, పోతన, వేమన ఫాంట్లు, లోహిత్ తెలుగు, తెలుగు విజయం ఫాంట్లు అన్నీ డెబియన్ భండారంలోనే ప్యాకేజీలుగా దొరుకుతాయి. టైపింగుకు ఐబస్, దానితోపాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీలు వేసుకుంటే నేరుగా తెలుగు అక్షరాలు కొట్టే ఇన్‌స్క్రిప్టు కీబోర్డూ ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ కూడా ఉంటుంది. నేను ఇన్‌స్క్రిప్టే వాడతాను. ఇంగ్లిష్ అక్షరాల మీదుగా తెలుగు రాసే పద్ధతికి నా వేళ్లు ఒప్పుకోవు. తెలుగులో మెనూలున్న వ్యవస్థను తేవడానికి హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థవాళ్లు ఎన్నుకున్న పునాది కూడా డెబియనే.

ఏ డిస్ట్రో వేసినా తీరని చిక్కు ఒకటుంది. డీటీపీలో వాడే అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్‌లో ఉండవు. వాటిని మార్చుకుని, మార్చాక అక్షరం అక్షరం సరిచూసుకోవాల్సిందే. పేజీలు కట్టే విండోస్ ప్రోగ్రామైన పేజ్‌మేకర్ ఫైలే ఇమ్మని పట్టుబట్టే ప్రెస్సుతో పని పడితే పక్కన విండోస్ ఉంచుకోక తప్పదు. నేను పీడీఎఫ్ తీసుకునే ప్రెస్సులకే పని ఇస్తున్నాను.

ఇక డెబియన్‌లో నాకు నచ్చనివి. కొత్తగా ఇన్‌స్టాల్ చేయగానే దాని రూపం చప్పగా ఉంటుంది, దిద్దుకోవడానికి ఒక పూట పడుతుంది. ప్యాకేజీలు రెండేళ్లు పాతబడతాయి. ఫలానా ప్రోగ్రాముకు కొత్త వెర్షన్ తప్పనిసరైతే నేను ఆ ఒక్కదాన్ని ఫ్లాట్‌ప్యాక్ అనే విడి ప్యాకేజీ పద్ధతి ద్వారా వేసుకుంటాను, మిగతా వ్యవస్థ కదలదు. డెబియన్ 13 నుంచి 32 బిట్ పాత కంప్యూటర్లకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు. అటక మీది పాత డెస్క్‌టాప్‌కు ప్రాణం పోయాలనుకునేవాళ్లకు ఇది నిరాశే.

మీ ప్రశ్న చివర్లో ల్యాప్‌టాప్ ఈమధ్యే కొన్నదని రాశారు. ముందుగా ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే డెబియన్ 13 లైవ్ ప్రతిని పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేసి చూడండి. వైఫై, శబ్దం, తెర వెలుతురు, మూత మూస్తే నిద్రపోయి తెరిస్తే లేవడం, ఈ నాలుగూ పరీక్షించండి. అన్నీ పలికితే ఇన్‌స్టాల్ చేయండి, మీ ఫైళ్లుండే హోమ్‌ను మాత్రం డిస్కులో వేరే విభాగంలో పెట్టుకోండి. గ్రాఫిక్స్ చిప్ మరీ కొత్తదై, 13లో ఉన్న 6.12 కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయ) దాన్ని గుర్తించకపోతే, ఇన్‌స్టాల్ అయ్యాక స్టేబుల్ కోసం కొత్త వెర్షన్లు ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్ భండారం నుంచి కొత్త కెర్నెల్ తెచ్చుకోవచ్చు. దానితోనూ తెర సరిగా రాకపోతే మొండికి పోకండి. తర్వాతి డెబియన్ వచ్చేదాకా ఫెడోరాలోనే ఉండండి. అందులో మీకు కనిపించిన వెలితి కోడెక్‌లే అయితే ఆర్‌పీఎం ఫ్యూజన్‌తో ఆ సంగతి ఈ సాయంత్రమే తేలిపోతుంది.