తీర్మానాల పుస్తకం జాగ్రత్త

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వార్డు సభ్యురాలివైన సంతోషం తీరకముందే, ఈసారి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను ఊరి వారందరినీ కూర్చోబెట్టి తయారు చేయిస్తానని నీవు పట్టుబట్టినట్లు మీ అమ్మ ఫోనులో చెప్పింది. విని గర్వపడ్డాను, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి విరమించినవాణ్ణి కనుక ఈ పని ఎక్కడ చెడుతుందో నాకు తెలుసు.

నియమాలు నీవు చదివే ఉంటావు. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం, ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. సభకు ముందు దండోరా వేయించాలి, నోటీసు అంటించాలి. అంతవరకు ఎవరైనా చెబుతారు.

నా భయమంతా తీర్మానాల పుస్తకం గురించే. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు పొరుగు పంచాయతీ మీద ఫిర్యాదు వస్తే, రికార్డు చూసి రమ్మని నన్ను పంపారు. అక్కడ నాట్ల రోజుల్లో, పట్టపగలు, పెద్దవీధి రచ్చబండ దగ్గర గ్రామసభ పెట్టారు. కూలికి పోయినవారు రాలేదు. చివరనున్న కాలనీ వారికైతే దండోరాయే వినిపించలేదు. వచ్చిన కొద్దిమందీ సిమెంటు రోడ్డు కావాలన్నారు, అదే తీర్మానమైంది. సభ చెల్లడానికి కావలసిన కనీస హాజరు, అంటే కోరం, చాలలేదని ఆ తరువాత పుస్తకాన్ని ఇంటింటికీ తిప్పి, ఖాళీ పేజీల మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. వ్రాత ఆ తరువాత నింపారు. ఆ పేజీల్లో, అప్పటికి నెలల క్రితమే ఇటుక బట్టీలకు వలసపోయిన ఒక తల్లి వేలిముద్ర కూడా ఉంది. రోడ్డు వేశారు. కాలనీకి తాగునీటి పైపు ఆ రోడ్డు కిందినుంచే రావాలని నీళ్ళు మోసే ఆడవాళ్ళకు తెలుసు, కానీ వారిని అడిగినవారు లేరు. ఏడాది తిరగకుండానే కొత్త రోడ్డును తవ్వారు, పూడ్చడానికి నిధులు లేక ఆ గోతుల్లోనే వర్షాకాలం గడిచింది. నేను వెళ్ళినప్పుడు ఒక ముసలావిడ “మేమే ఒప్పుకున్నామట కదయ్యా, పుస్తకంలో ఉందట” అంది. ఆమెకు చెప్పదగిన జవాబు నా దగ్గర లేకపోయింది.

అందుకే చెబుతున్నాను, ఖాళీ పేజీ మీద నీవు సంతకం పెట్టకు, ఎవరిచేతా పెట్టించకు. తీర్మానాన్ని సభలోనే వ్రాయించి, గట్టిగా చదివించి, ఆ తరువాతే సంతకాలు తీసుకో. చదివి వినిపించడానికి ఎంత బలముందో 2006 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు చూపించాయి. మస్టర్ల, అంటే హాజరు పట్టీల, లెక్కలు కూలీల ఎదుటే చదివితే, చేయని పనికి పడిన హాజరు అక్కడికక్కడే బయటపడేది.

అసలు పని సభకు ముందే జరగాలి. పొద్దుగూకి పనుల నుంచి తిరిగివచ్చాక వాడవాడకూ వెళ్ళి కూర్చో, పొదుపు సంఘాల వారితో విడిగా మహిళాసభ జరిపించు. కేరళలో 1996లో ప్రజాప్రణాళిక మొదలైనప్పుడు గ్రామసభకు వచ్చినవారిని అంశాలవారీగా చిన్న బృందాలుగా కూర్చోబెట్టారు. పెద్దల ముందు నోరు విప్పనివారు కూడా నలుగురి మధ్య మాట్లాడగలుగుతారు. అయితే నీకొక దురలవాటు ఉంది, ఎదుటివారి మాట ముగియకముందే జవాబు అందిస్తావు. చిన్నప్పుడు ముద్దుగానే ఉండేది తల్లీ, ఇప్పుడు అలా చేశావంటే రెండోసారి నీ దగ్గర ఎవరూ నోరు తెరవరు.

డబ్బు సంగతి మొదటే విప్పి చెప్పు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021 నుండి 2026 వరకు పంచాయతీలకు సిఫారసు చేసిన కేంద్ర నిధులలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టడి చేసింది. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు కానీ జీతాలకు వాడరాదు. ఇలాంటి కట్టుబాట్లు ముందే తెలియకపోతే జనం కమ్యూనిటీ హాలు అడుగుతారు, అది రాకపోతే నీవే మోసం చేశావనుకుంటారు. చేర్చలేకపోయిన ప్రతి కోరిక పక్కనా కారణం వ్రాయించు. ఆమోదం పొందిన ప్రణాళిక ఈగ్రామస్వరాజ్ అనే ప్రభుత్వ పంచాయతీ వెబ్‌సైటులో కనిపిస్తుంది. సభలో చదివిన జాబితాతో దానిని సరిపోల్చి, ఆ ప్రతిని కాలనీలో కూడా అంటించు.

నీ మీద కోపం తెచ్చుకునేవారు ఉంటారు. సర్పంచిగారిని నలుగురిలో నిలదీయకు, ముందురోజే ఇంటికి వెళ్ళి గౌరవంగా మాట్లాడు. రాత్రివేళ వాడలకు ఒంటరిగా పోకు, అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో తోడు తీసుకో. సభ తేదీ ఖరారు కాగానే నాకు ఫోను చెయ్యి. మీ కార్యదర్శి అభ్యంతరం చెప్పకపోతే ముందే వచ్చి, పాత తీర్మానాలు నీతో కూర్చుని చదువుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న