1 జీబీ సర్వర్‌లో బుకింగ్ సైట్: ముందు ర్యామ్ సంగతి చూడు

తమ్ముడూ, రుషికొండ హోమ్‌స్టే సైట్‌కి రోజుకి వందమంది కూడా రావట్లేదు, అయినా తెల్లారేసరికి డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్ అంటున్నావు. కంగారుపడి పెద్ద ప్లాన్ కొనేయకు.

ముందు సర్వర్‌లో కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి చూడు. అందులో 'అవుట్ ఆఫ్ మెమరీ' అని, పక్కనే మైఎస్‌క్యూఎల్ (నీ సైట్ డేటాబేస్) పేరు కనిపిస్తే ర్యామ్ చాలక లైనక్స్ కెర్నలే, అంటే సిస్టమ్ గుండెకాయే, దాన్ని ఆపేసిందన్నమాట. క్యాలెండర్, పేమెంట్, చాట్, గ్యాలరీ అన్నీ వర్డ్‌ప్రెస్ ప్లగిన్లే కదా, వాటిని నడిపే ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 80 ఎంబీ ర్యామ్ తినడం మామూలే. అలాంటివి 10 ఒకేసారి లేస్తే ఇక 1 జీబీలో మిగిలేదేముంది?

ఈ ప్రాసెస్‌లను నడిపించే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం పూల్ (సెట్టింగుల) ఫైల్‌లో పీఎం (pm)ని ఆన్‌డిమాండ్ (ondemand)కి మార్చు, ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు లేవొచ్చో చెప్పే మ్యాక్స్ చిల్డ్రన్ (pm.max_children) 4 పెట్టు. పనిలేని ప్రాసెస్‌లు వాటంతటవే పోతాయి, జనం తక్కువున్న సైట్‌కి ఇదే సరైన పద్ధతి. మైఎస్‌క్యూఎల్‌లో దాని పనితీరు లెక్కలు దాచే పెర్ఫార్మెన్స్ స్కీమా (performance_schema) ఆపెయ్, బోలెడు మెమరీ మిగులుతుంది. ర్యామ్ నిండితే వాడుకునే డిస్క్ జాగా, అదే స్వాప్, 1 జీబీ కూడా పెట్టుకో, అది ఆపద్ధర్మానికే.

సైట్‌కి ఎవరెవరు వచ్చారో రాసుకునే యాక్సెస్ లాగ్ తప్పకుండా చూడు. ఎక్స్ఎంఎల్ఆర్‌పీసీ (బయటి యాప్‌లు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే xmlrpc.php ఫైల్), లాగిన్ పేజీల మీద బాట్లు (తమంతట తాము నడిచే ప్రోగ్రాములు) రాత్రంతా బాదుతుంటాయి. మొదటిది వాడకపోతే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ (nginx)లోనే మూసెయ్, రెండోదానికి రేట్ లిమిట్, అంటే నిమిషానికి ఇన్నిసార్లే అనే హద్దు, పెట్టు.

తయారైన పేజీని దాచి మళ్లీ అదే చూపే పేజీ క్యాష్ పెట్టు గానీ రూమ్ ఖాళీలు చూపే పేజీ, చెకౌట్ మాత్రం వదిలెయ్. లేకపోతే నిండిపోయిన గది ఖాళీగా కనిపిస్తుంది, శీతాకాలం సీజన్‌లో అతిథి సూట్‌కేసుతో గుమ్మం ముందు నిలబడితే ఏం చెప్తావు?

ఇవన్నీ చేశాక మెమరీ వాడకం చూపే ఫ్రీ (free) కమాండ్ ఏం చూపిస్తోందో ఇక్కడ పెట్టు, చూద్దాం.